నాయన కర్జన్ ఇంటికి రానంటున్నాడు. కెడల్‌స్టన్ హాల్ చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

నాటింగ్‌హామ్ నంద్యాల
అమ్మానాయన వచ్చి మూడు వారాలైంది. లండన్ చూపించేశాను. ఇప్పుడు ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని పక్కింటివాళ్ళ బిన్నులు లెక్కపెడుతున్నారు. ఈ శనివారం డార్బీ పక్కనున్న కెడల్‌స్టన్ హాల్‌కి తీసుకెళ్దామనుకున్నా. మాకు ముప్పావు గంట దారి. పెద్ద జార్జియన్ భవంతి, చుట్టూ పార్కు, చెరువు, గొర్రెలు. అమ్మ సరే అంది.

గొడవంతా నాయనతోనే. ముప్పై నాలుగేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి. అది మన దేశానికి వైస్రాయ్‌గా వచ్చిన లార్డ్ కర్జన్ పుట్టిన ఇల్లని నోరు జారాను. అంతే. "బెంగాల్‌ని రెండు ముక్కలు చేసినోని ఇంటికి నేను టికెట్ కొనుక్కోని పోవాల్నా? వాడేమన్నా టికెట్ కొని మన దేశానికొచ్చినాడా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

వెళ్ళినవాళ్ళు చెప్పండి. రోజంతా పెట్టేంత విషయం ఉందా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాయనకి కర్జన్ నొప్పి.

డార్బీ దోసె
నేను ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్తా. మా ఊరి దేవాలయం లాంటిది నాకు.

రోజంతా పెట్టొచ్చు. ఇల్లు రెండు గంటలు, మిగతాదంతా పార్కు. దాదాపు 800 ఎకరాలు. పెద్ద చుట్టు మూడు మైళ్ళ దాకా వస్తుంది. అమ్మగారితో అయితే వంతెన దాకా వెళ్ళి వెనక్కి రండి చాలు. మూడు కమానుల రాతి వంతెన, పక్కనే నీళ్ళు మెట్లు మెట్లుగా దూకుతుంటాయి. అక్కడ నిలబడి ఇంటివైపు చూస్తే ఆ దృశ్యం అలా కనిపించడానికే మొత్తం తవ్వారని అర్థమవుతుంది. ఆ చెరువు దేవుడిచ్చింది కాదు, చిన్న వాగుకి కట్ట వేసి చేసింది.

ఇంట్లో అసలు గదులన్నీ పై అంతస్తులో ఉంటాయి. మెట్ల సంగతి ముందే ఫోన్ చేసి అడగండి. ఇల్లు అన్ని రోజులూ తెరవరు, పార్కు మాత్రం తెరిచే ఉంటుంది. తేదీ చూసుకోకుండా బయలుదేరకండి. డార్బీ నుంచి బస్సు నమ్ముకోవద్దు, కారే సుఖం. పులిహోర కట్టుకెళ్ళండి, గడ్డి మీద కూర్చుని తినొచ్చు.

సోడా గోలీ
జార్జియా వెళ్ళడానికి డార్బీ మీదుగా ఎందుకు? వీసా ఉందా అమ్మానాన్నలకి?

పాత పంచాంగం
సోడా గోలీ, ఇది ఆ జార్జియా కాదు నాయనా. 1714 నుంచి 1830 దాకా ఇంగ్లండ్‌లో వరసగా నలుగురు రాజుల పేర్లూ జార్జే. ఆ కాలపు ఇళ్ళని జార్జియన్ అంటారు. గీత గీసినట్టు కుడి ఎడమలు సమానం, ముందు రోమన్ స్తంభాలు, లోపల ప్లాస్టర్ లతలు. మన వాళ్ళు వరసగా నలుగురు పిల్లలకి వెంకట అని పెట్టినట్టు.

సోడా గోలీ
అయితే మా తాతల ఇల్లు వెంకటియన్.

పాత పంచాంగం
కెడల్‌స్టన్ గురించి రెండు ముక్కలు. 1759లో మొదలుపెట్టినవాడు సర్ నెథానియల్ కర్జన్, మీ నాయనగారి కర్జన్‌కి పూర్వీకుడు. మొదట మాథ్యూ బ్రెటింగ్‌హామ్, జేమ్స్ పెయిన్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు. ఈలోగా రాబర్ట్ ఆడమ్ అనే స్కాట్లండ్ కుర్రాడు రోమ్‌లో శిథిలాలన్నీ గీసుకుని వచ్చాడు. ముందు పార్కులో చిన్న చిన్న కట్టడాలు అప్పజెప్పారు. కొన్నాళ్ళకే మొత్తం ఇల్లు అతని చేతికి వెళ్ళిపోయింది. మేస్త్రీలు మధ్యలో మారడం అక్కడా ఉంది.

దక్షిణం వైపు ముఖం రోమ్‌లోని కాన్‌స్టాంటైన్ విజయ తోరణానికి నకలు. లోపల సలూన్ అనే గుండ్రటి పెద్ద గది రోమ్‌లోని పాంథియన్ గుడికి నకలు, గోపురం 62 అడుగుల ఎత్తు. చలికాలం వెచ్చదనం కోసం పెట్టిన ఇనుప పొయ్యిల్ని కూడా రోమన్ బలిపీఠాల్లా పోతపోయించాడు. అంతకుముందు వచ్చేది మార్బుల్ హాల్. 20 స్తంభాలు, ఒక్కోటి 25 అడుగులు, గులాబీ చారల అలబాస్టర్ రాయి. ఆ హాలు గోడలకి కిటికీలు లేవు, వెలుతురంతా పైనుంచే. రోమన్ ఇంటి నడిమి ముంగిలి అన్న భావన.

గోదారి గట్టు
అంటే మన మండువా లోగిలే. మధ్యలో వాన పడదు, అంతే తేడా.

కోఠీ కాలేజీ అక్క
మార్బుల్ హాల్ సంగతి సరే గానీ బాబూ, ఈ ఇంటికి కలకత్తాలో తమ్ముడున్నాడు, ఆ మాట ఎవరూ చెప్పలేదేం? గవర్నర్ జనరల్ వెల్లెస్లీ 1799లో మొదలుపెట్టి 1803కల్లా కట్టించిన గవర్నమెంట్ హౌస్, మనం రాజ్‌భవన్ అని పిలుస్తూ వచ్చింది, కెడల్‌స్టన్ నమూనాతోనే. కెప్టెన్ చార్ల్స్ వైఆట్ గీశాడు. తమాషా ఏమిటంటే కెడల్‌స్టన్‌కి నాలుగు రెక్కలు, అంటే నడిమి ఇంటికి కలిపిన పక్క భవనాలు, అనుకుని రెండే కట్టారు. కలకత్తాలో నాలుగూ కట్టేశారు. ఖర్చు చూసి కంపెనీవాళ్ళు వెల్లెస్లీ మీద మండిపడ్డారట. ఎవరి డబ్బుతో కట్టారో మనకి తెలుసు కాబట్టి వాళ్ళ బాధ నాకు పట్టదు.

మీ నాన్నగారి కర్జన్ ఆ అన్న ఇంట్లో పుట్టి, వైస్రాయ్‌గా ఈ తమ్ముడి ఇంట్లో కాపురం పెట్టాడు.

ఇక మా కాలేజీ. కోఠీలో నేను బీఎస్సీ చదివిన భవనం పాత బ్రిటిష్ రెసిడెన్సీ. నిజాం దగ్గర కంపెనీ తరఫున రెసిడెంట్‌గా ఉన్న కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో మొదలుపెట్టాడు, శామ్యూల్ రసెల్ గీశాడు, డబ్బు నిజాంది. ముందు ఆరు కొరింథియన్ స్తంభాలు. ఇంగ్లండ్ పల్లెల్లో కట్టే ఇంటిని అలాగే తెచ్చి మూసీ గట్టున పెట్టారు. మేం ఆ మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్ళం. పైకప్పు పెచ్చులు రాలుతుంటే కెమిస్ట్రీ నోట్సు నెత్తిన పెట్టుకుని క్లాసుకి పోయేవాళ్ళం. మా అబ్బాయి నన్ను కెడల్‌స్టన్ తీసుకెళ్ళినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "అరె, మా కాలేజీ!"

సోడా గోలీ
అక్కా, పెచ్చులు వాళ్ళకీ రాలతాయా?

కోఠీ కాలేజీ అక్క
వాళ్ళకి రాలకముందే చందాల డబ్బా పెడతారు.

కాకినాడ కాజా
నేను మాస్టారి పక్షం. బెంగాల్ ఒక్కటే అనుకుంటారు అందరూ. 1902లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేత ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న బేరార్‌ని శాశ్వత కౌలుకి రాయించుకున్నది ఈ కర్జనే. ఏడాదికి 25 లక్షల రూపాయలు. శాశ్వత కౌలు! మా ఊళ్ళో కౌలుదారు రెండో పంటకి గట్టు జరిపితేనే పంచాయతీ పెడతాం.

1905 విభజన వల్ల లేచిన వందేమాతరం గాలి మనదాకా వచ్చింది. 1907లో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకున్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని బయటికి పంపేశారు. ఆయన కర్నూలు మనిషి. మాస్టారిది కూడా ఆ వైపే కదా, కోపం ఉండదా మరి.

రాళ్ళూ రప్పలూ
కోపం సబబే. కానీ 1904లో పురాతన కట్టడాల రక్షణ చట్టం తెచ్చిందీ ఆయనే. 1902లో జాన్ మార్షల్‌ని పురావస్తు శాఖకి తెచ్చిందీ ఆయన హయాంలోనే. మనం ఈరోజు పాత కోటల దగ్గర పురావస్తు శాఖ నీలం బోర్డు ముందు సెల్ఫీ దిగుతున్నామంటే అందులో ఆ చట్టం వాటా ఉంది.

కాకినాడ కాజా
చట్టం వచ్చేనాటికి అమరావతి స్తూపం శిల్పాల పలకలు లండన్ చేరి నలభై ఏళ్ళు దాటింది. గుర్రాలు పోయాక లాయానికి తలుపు.

రాళ్ళూ రప్పలూ
మిగిలిన గుర్రాల సంగతి? ఉన్న గుడి రాళ్ళు పీకి ఇంటి పునాదికి వేసుకుంటున్న ఊళ్ళు నేను నా కళ్ళతో చూశాను. దొర చేశాడని మంచిపని చెడ్డదైపోదు.

కాకినాడ కాజా
మంచిపని చేశాడని కౌలు మాఫీ అయిపోదు.

గోదారి గట్టు
ఇద్దరూ కొట్టుకోండి, నేను అడ్డు రాను. కానీ ఆ అబ్బాయి అడిగింది శనివారం వెళ్ళాలా వద్దా అని.

మగ్గం మాధురి
వెళ్ళాలి. ఒక్క గౌను కోసం వెళ్ళాలి. కర్జన్ భార్య మేరీ 1903 ఢిల్లీ దర్బారు డాన్సుకి వేసుకున్న నెమలి గౌను అక్కడే ఉంది. బట్ట మీద పనంతా ఢిల్లీలో మనవాళ్ళు చేశారు. తర్వాత పారిస్‌కి పంపి వర్త్ అనే పెద్ద దుకాణంలో కుట్టించారు. నెమలి ఈకల మీద ఈకలు పరిచినట్టుంటుంది, అంతా లోహపు తీగ. బరువు నాలుగు కిలోల పైమాటే. ప్రతి ఈక కన్నులో ఆకుపచ్చగా మెరిసేది రాయి కాదు, పురుగు రెక్క.

నేను పన్నెండేళ్ళుగా మగ్గం వర్క్ చేస్తున్నా. అద్దానికి ముక్కు ఆనించి అరగంట నిలబడ్డా. ఒక్క బ్లౌజు వీపుకి జర్దోసీ నింపితేనే నడుం పడిపోతుంది నాకు. ఆ గౌను అంచు ఒక్కటి చూస్తే ఎంతమంది వేళ్ళు అరిగాయో అనిపిస్తుంది. చీటీ మీద ఆవిడ పేరుంది, పారిస్ దుకాణం పేరుంది. సూది పట్టినవాళ్ళ పేర్లు ఎవరు రాసుకున్నారు?

సోడా గోలీ
పురుగు రెక్కా? ఏ పురుగు?

మగ్గం మాధురి
బంగారు పురుగు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు వేసేవాళ్ళం చూడండి.

గోదారి గట్టు
దాన్ని మా వైపు జీరంగి అంటాం. దారం కట్టి ఎగరేసేవాళ్ళం. అది పారిస్ వెళ్ళొచ్చిందంటే నాకు ఈర్ష్యగా ఉంది.

నాటింగ్‌హామ్ నంద్యాల
అందరికీ దండం. ఇదంతా పెద్దగా చదివి వినిపించాను. అమ్మ గౌను దగ్గరే ఖాయమైపోయింది, "మోకాళ్ళు నేను చూసుకుంటా" అంది. నాయన బేరార్ దగ్గర "ఈ కాజా ఎవర్రా, పిల్లోడు చదువుకున్నోడే" అన్నాడు. రాళ్ళూ రప్పలూగారి దగ్గర మూతి ముడిచాడు. కానీ ఇంకా రానంటున్నాడు.

డార్బీ దోసె
అమ్మగారికి శుభవార్త, ఆ గౌనూ కర్జన్ తెచ్చుకున్న ఆసియా వస్తువుల మ్యూజియమూ కింది అంతస్తులోనే. పై అంతస్తు ఎక్కగలిగితే తాటిచెట్ల మంచం తప్పక చూపించండి. అతిథుల గదిలో మంచం కోళ్ళు నాలుగూ తాటిచెట్ల మాదిరి చెక్కారు, పైన ఆకులు విప్పుకుని ఉంటాయి. డ్రాయింగ్ రూములో సోఫాల చేతుల బదులు బంగారు పూత మత్స్యకన్యలు.

పాత పంచాంగం
మాస్టారికి ఇంకో సంగతి చెప్పి చూడండి. ఆ పార్కు ఉన్నచోట ఒకప్పుడు ఊరుండేది. కెడల్‌స్టన్ ఊరు. కొత్త ఇల్లు కడుతూ దొరగారికి కిటికీలోంచి గుడిసెలు కనబడటం నచ్చలేదు. ఊరిని ఎత్తి అవతల పెట్టించాడు. రహదారిని కూడా జరిపించాడు. మిగిలింది ఒక్క చర్చి. 13వ శతాబ్దం నాటిది, ఇంటికి ఆనుకునే ఉంది. ఆ కాలంలో ఇది ఈ ఒక్క ఇంటి సంగతి కాదు, చాలా పార్కుల కింద ఇలాంటి ఊళ్ళున్నాయి.

గొర్రెలు ఇంటి ముందుకు రాకుండా కంచె ఉండాలి, కంచె కనిపించకూడదు. అందుకని కందకం తవ్వి ఒకవైపు గోడ కట్టేవారు. ఇంట్లోంచి చూస్తే గడ్డి ఒకే పరుపులా కనిపిస్తుంది. ఈ కందకాన్ని హా-హా అంటారు.

సోడా గోలీ
హా హా.

పాత పంచాంగం
అవును, నిజంగా అదే పేరు.

సోడా గోలీ
నేను నవ్వలేదు, పేరు పలికాను.

నాటింగ్‌హామ్ నంద్యాల
ఊరి సంగతి చెప్పాను. నాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎన్నింటికి బయలుదేరాల?" అన్నాడు.

కోఠీ కాలేజీ అక్క
ఎందుకో?

నాటింగ్‌హామ్ నంద్యాల
మా ఊరు శ్రీశైలం డ్యాం కింద మునిగిందక్కా. 1981లో. ఆ తర్వాతే నంద్యాల వచ్చి స్థిరపడ్డారు. నేను పుట్టలేదు అప్పటికి.

మగ్గం మాధురి
అయ్యో. వెళ్ళొచ్చి రాయండి.

నాటింగ్‌హామ్ నంద్యాల
వెళ్ళొచ్చాం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

పొద్దున పదిన్నరకి చేరాం. కారు దిగి ఉత్తరం వైపు ముఖం చూడగానే నాయన మొదటి మాట: "ఇది ఇల్లు కాదురా, కలెక్టరాఫీసు." అమ్మ పులిహోర సంచీ నా చేతికిచ్చి గౌను ఎక్కడంది. కింద చీకటిగా పెట్టిన గదిలో ఉంది, వెలుతురుకి రంగు పోతుందని. అమ్మ అద్దం చుట్టూ తిరిగి తిరిగి "ఇంత బరువేసుకోని డాన్సెట్లా చేసిందే తల్లీ" అంది. మాధురిగారూ, మీ ప్రశ్న అమ్మకి చెప్పాను. అక్కడున్న చీటీలన్నీ నాచేత చదివించింది.

మ్యూజియంలో నాయన ఒక్కో అల్మారా దగ్గర ఆగాడు. కత్తులు, దంతపు సామాను, వెండి పెట్టెలు. ఏమీ మాట్లాడలేదు. ఒకచోట మాత్రం "ఇదంతా బహుమానంగా ఇచ్చినారంట" అని "అంట" దగ్గర గట్టిగా నొక్కాడు.

మార్బుల్ హాల్లోకి వచ్చాక కోపం కాసేపు మరిచిపోయాడని చెప్పాలి. తల పైకెత్తి నిలబడిపోయాడు. వంటిల్లు ఎక్కడని అమ్మ అడిగింది. వంటిల్లు ఒక రెక్కలో, కుటుంబం కాపురం ఇంకో రెక్కలో, ఈ నడిమి భాగమంతా వచ్చినవాళ్ళకి చూపించుకోవడానికే అని అక్కడి వాలంటీరు చెప్పింది. వంపు తిరిగిన వసారా గుండా మోసుకొచ్చేసరికి కూరలు చల్లారిపోయేవట. "అయితే తినడానికి కట్టినట్టు లేదు" అని అమ్మ తీర్పు ఇచ్చేసింది.

ఆ వాలంటీరు డెబ్బై దాటిన పెద్దావిడ. జరిపేసిన కెడల్‌స్టన్ ఊరి గురించి నాయన ఆవిడనే అడిగాడు. ఇంగ్లీషు బాగానే వచ్చు ఆయనకి, కానీ ఉద్వేగంలో సగం తెలుగైపోతే నేను అందించాను. ఊళ్ళోవాళ్ళకి ఏమిచ్చారు, ఎంత దూరం పంపారు, తిరిగి చూడటానికైనా రానిచ్చారా? ఆవిడకి తెలిసినంత చెప్పింది. పార్కు హద్దు అవతల కొత్తగా ఇళ్ళు కట్టారని. తర్వాత మీకెందుకు ఈ ఆసక్తి అని అడిగింది. నాయన చెప్పాడు. కృష్ణ, తుంగభద్ర, ఎండాకాలం నీళ్ళు తగ్గితే బయటపడే మా ఊరి బడి గోడ, లారీలో సామాను. ఆవిడ కుర్చీ తెచ్చి వేసింది ఆయనకి. వెనక ఇద్దరు ముగ్గురు ఆగి వింటున్నారు. నేను ఇవన్నీ ముక్కలు ముక్కలుగా విన్నవే, ఒకేసారి వరసగా వినడం ఇదే మొదలు.

తర్వాత చర్చి. మా అదృష్టం, ఆ రోజు తెరిచి ఉంది. లోపల కర్జన్ భార్య కోసం కట్టించిన చిన్న గది. తెల్ల పాలరాతిలో మేరీ, పక్కన కర్జన్, పడుకుని ఉన్నారు. ఆవిడ 1906లో పోయింది, ఆయన 1925లో. నాయన చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. "ఏటా ఈయన మీద ఐదు మార్కుల ప్రశ్న ఇస్తాంటి. విభజనకు కారణాలు, ఫలితాలు" అన్నాడు. కోపంగా కాదు. పాత విద్యార్థిని చూసినట్టు.

బయటికొచ్చి గోడ మీద కూర్చున్నాక అన్నాడు: "వీళ్ళు గుడిని ఉంచి ఊరిని జరిపినారు. మనోళ్ళు కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి రాయి రాయి విప్పి అలంపురానికి మోసినారు, ఊర్లను నీళ్ళకొదిలినారు." అమ్మ, "మనకు నీళ్ళొచ్చినాయి కదా, వీళ్ళకేమొచ్చింది, గొర్రెలు" అంది. నాయన దానికి బదులు చెప్పలేదు.

వంతెన దాకా నడిచాం. చెరువు ఒడ్డున చేపలు పట్టే మంటపం ఉంది. ఆడవాళ్ళు ఎండ తగలకుండా కిటికీలోంచే గాలం వేసేవారంటారు. కింద చన్నీళ్ళ స్నానాల తొట్టి. అమ్మ రెండూ నమ్మలేదు.

కాకినాడ కాజా
రెండుసార్లు చదివాను. మాస్టారికి నమస్కారం చెప్పండి.

రాళ్ళూ రప్పలూ
నా తరఫున కూడా. మూతి ముడిచినా సరే.

పాత పంచాంగం
కలెక్టరాఫీసు అన్నారు చూడండి, అక్కడ ఆగిపోయాను నేను. 1777లో శామ్యూల్ జాన్సన్, నిఘంటువు రాసిన ఆయన, ఈ ఇల్లు చూసి ఇది టౌన్ హాల్‌కి బాగా పనికొస్తుందన్నాడు. స్తంభాల హాల్లో జడ్జీలు కూర్చోవచ్చట. మాస్టారూ ఆయనా ఒకే మాట.

అప్పట్లో కూడా వచ్చినవాళ్ళకి ఇల్లు తిప్పి చూపించడానికి మనిషి ఉండేది. మిసెస్ గార్నెట్ అని ఇంటి పెత్తనం చూసే ఆవిడ, చేతిలో గైడు పుస్తకంతో. ఆవిడ బొమ్మ ఆ ఇంట్లోనే ఉంది. ఆ కుర్చీ వేసిన పెద్దావిడ ఆ వరసలో మనిషే.

నాటింగ్‌హామ్ నంద్యాల
జాన్సన్ సంగతి నాయనకి చెప్పాను. "యానాటి మనిషి?" అని అడిగి, "సరిగ్గానే చెప్పినాడు" అన్నాడు.

కోఠీ కాలేజీ అక్క
హైదరాబాద్ వచ్చినప్పుడు మీ నాన్నగార్ని మా కాలేజీకి కూడా తీసుకెళ్ళు. 1857లో బ్రిటిష్‌వాళ్ళ మీద తిరగబడ్డ తుర్రేబాజ్ ఖాన్ దాడికి వచ్చింది ఆ ప్రహరీ మీదికే. ఐదు మార్కులకి సరిపోదు అది.

సోడా గోలీ
అన్నీ బాగున్నాయి. పులిహోర ఏమైంది?

నాటింగ్‌హామ్ నంద్యాల
హా-హా పక్కన దుప్పటి పరుచుకుని తిన్నాం. అవతల గొర్రెలు వరసగా నిలబడి చూశాయి, ఒక్కటీ దాటలేదు. కందకం పనిచేస్తుందని నాయన ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఇంట్లో కొత్త గొడవ. నాయన లెక్కపెడితే మార్బుల్ హాల్లో స్తంభాలు 20, అమ్మ 18 అంటోంది. మళ్ళీ వెళ్ళి లెక్కపెట్టాలట.